కత్తిరించిన వీడియో తీసేస్తే సరిపోదు

2024 ఏప్రిల్ చివర్లో, ఆంధ్రప్రదేశ్ పోలింగ్‌కు రెండు వారాల ముందు, ఒక వీడియో ఫోన్ల నిండా తిరిగింది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లు రద్దు చేస్తామని కేంద్ర హోం మంత్రి అమిత్ షా అన్నట్లు అందులో వినిపిస్తుంది. 2023 ఏప్రిల్ 23న చేవెళ్ల సభలో ఆయన అన్నది తెలంగాణలో ముస్లింల రిజర్వేషన్ల రద్దు గురించి. (ఆ మాటతో మన తగువు వేరే.) మాటలు కత్తిరించి అతికించారు, అంతే. ఏఐ అవసరమే పడలేదు.

నెల్లూరు తీరానికి ఇది చిన్న విషయం కాదు. సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట ఉన్న తిరుపతి లోక్‌సభ స్థానం ఎస్సీ రిజర్వుడు. గూడూరు, సూళ్లూరుపేట అసెంబ్లీ స్థానాలూ అంతే. దళితవాడలోనో యానాది కాలనీలోనో రిజర్వేషన్ పోతుందంటే ఉద్యోగం, కాలేజీ సీటు, పంచాయతీలో కుర్చీ పోతాయనే అర్థం.

హోం శాఖ ఫిర్యాదు చేయగానే ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు, తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డికీ నోటీసు పంపారు. నటి రష్మిక మందన్న డీప్‌ఫేక్ 2023 నవంబరులో బయటపడితే, గుంటూరు జిల్లాలో నిందితుడు దొరికింది 2024 జనవరిలో. ఇక మన వాడల ఆడపిల్ల ఫొటో మార్ఫింగ్ చేస్తే ఎన్నాళ్లు పడుతుందో పాఠకులకు చెప్పక్కర్లేదు.

ప్లాట్‌ఫాంలు చాలాకాలం ‘ఏఐతో చేశారా’ అనే చూశాయి, ఎవరికి హాని అని చూడలేదు. బైడెన్ వీడియో కేసులో 2024 ఫిబ్రవరిలో మెటా ఓవర్‌సైట్ బోర్డే ఈ విధానానికి పొందిక లేదని తప్పుబట్టింది. తర్వాత లేబుళ్లు వచ్చాయి. 2026 ఫిబ్రవరి 20 నుంచి మన ఐటీ నిబంధనలూ కృత్రిమ కంటెంట్‌కు లేబుల్ తప్పనిసరి చేశాయి; ప్రభుత్వమో కోర్టో ఆదేశిస్తే 3 గంటల్లో తీసేయాలన్నాయి. స్క్రీన్ రికార్డు చేసి వాట్సాప్‌లో పంపితే, ఫైలులో దాచిన గుర్తులు పోతాయి. 3 గంటల కత్తెర దాడుల నిజమైన వీడియోల మీదా పడవచ్చు, ఆ భయం మాకుంది.

అందుకే మేము అడిగేవి: తెలుగులో ఫిర్యాదు, అందులో కుల దూషణకు ప్రత్యేక గడి, తెలుగు తెలిసిన మనిషి పరిశీలన. అన్నిటికన్నా ముఖ్యం, తీసేసినదాన్ని భద్రపరచడం.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(యు) దృశ్య రూపంలో ద్వేషం రెచ్చగొట్టడాన్నీ నేరంగా చూస్తుంది. ఆన్‌లైన్‌లో పెట్టిన దూషణ కూడా బహిరంగంగా చేసినట్లేనని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. కానీ వీడియో మాయమైతే కేసు దేని మీద నిలబడుతుంది? ఐటీ నిబంధనల ప్రకారం ప్లాట్‌ఫాం తొలగించిన కంటెంట్‌ను 180 రోజులు ఉంచాలి. అట్రాసిటీ కేసు దర్యాప్తు 60 రోజుల్లో ముగియాలి, ముగియదు. కాబట్టి రిపోర్టు కొట్టే ముందే లింకు, తేదీ, పెట్టిన ఖాతా పేరు రాసుకోండి. వీడియో దించుకుని అదే ఫోన్‌లో ఉంచండి. కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌కు అది కావాలి. 180 రోజులు దాటేలోగా గడువు పొడిగించమని ప్లాట్‌ఫాంకు రాశారా అని దర్యాప్తు చేసే డీఎస్పీని కాగితం మీద అడగండి, రసీదు తీసుకోండి.