సంతకం పెట్టినవాళ్ల జాబితా

వెనెజువెలా 1999 రాజ్యాంగంలో 72వ అధికరణం అని ఒకటుంది. ఎన్నికైన మనిషి మేయరైనా, దేశాధ్యక్షుడైనా సరే, పదవీకాలం సగం గడిచాక ఓటర్లలో 20 శాతం మంది సంతకాలు చేసి ఇస్తే, అతన్ని ఉంచాలా దించాలా అని మళ్లీ ఓటు పెట్టాల్సిందే. ఎమ్మెల్యే నచ్చకపోతే ఐదేళ్లు ఓర్చుకోవడమే తెలిసిన నాకు మొదటిసారి అది చదివినప్పుడు అసూయ కలిగింది. ఈ హక్కును పట్టుబట్టి రాజ్యాంగంలో పెట్టించింది హ్యూగో చావెజ్. జేబులో పట్టే నీలం అట్ట పుస్తకంగా ఆ రాజ్యాంగాన్ని అచ్చు వేయించి, టీవీలో మాట్లాడినప్పుడల్లా పైకెత్తి చూపించేవాడు.

చావెజ్ ప్రజాస్వామ్యవాదా, నియంతా అని మా బావకూ నాకూ చాలాకాలంగా వాదన. బావ ఎర్రజెండా మనిషి. 2005 మార్చిలో చావెజ్ కోల్‌కతా వచ్చినప్పుడు పేపర్లో పడిన ఫోటో ఆయన బీరువా తలుపు లోపల ఇంకా అంటించి ఉంది. (చావెజ్ తర్వాత గద్దెనెక్కిన మదురో అదే 2005లో మా పుట్టపర్తికి సాయిబాబా దర్శనానికి వచ్చాడు. ఆ ఫోటో మాత్రం బావ దాచుకోలేదు.) నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడేది. అందుకని నాకు సిద్ధాంతం కన్నా సంతకాల రిజిస్టరు మీదే చూపు ఎక్కువ.

చావెజ్ ఊరికే ఊడిపడలేదు. 1958 నుంచి రెండు పెద్ద పార్టీలు ఒప్పందం చేసుకుని చమురు డబ్బునూ కుర్చీనీ వంతులవారీగా అనుభవించాయి. చమురు ధర పడిపోయింది. 1989 ఫిబ్రవరి 27న బస్సు చార్జీల పెంపుతో కరాకస్ పక్కనున్న గ్వరేనాస్‌లో రేగిన అల్లరి రాజధానికి పాకింది. సైన్యం కాల్పుల్లో పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలోనే 270 మందికి పైగా. మూడేళ్లకు, 1992 ఫిబ్రవరి 4న, లెఫ్టినెంట్ కల్నల్ చావెజ్ తిరుగుబాటు చేసి ఓడి, టీవీలో ఒక్క నిమిషం మాట్లాడి జైలుకు పోయాడు. ఆ ఒక్క నిమిషం దేశం మరిచిపోలేదు. 1998 డిసెంబరులో 56 శాతం ఓట్లతో గెలిచాడు. తుపాకీతో దొరకని కుర్చీ ఓటుతో దొరికింది కదా, ఇంకేం నియంత అంటాడు బావ. బలమైన మాటే.

2002 ఏప్రిల్‌లో జరిగింది దానికి మరింత బలమిచ్చింది. సైనికాధికారులు చావెజ్‌ను పట్టుకుపోయారు. వ్యాపారుల సంఘం నాయకుడు పెద్రో కర్మోనా తనను తానే అధ్యక్షుడిగా ప్రకటించుకుని ఒక్క ఉత్తర్వుతో పార్లమెంటునూ సుప్రీంకోర్టునూ రద్దు చేశాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడతామని వచ్చినవాళ్ల తొలి సంతకం అది! మురికివాడల జనం రోడ్ల మీదికొచ్చారు, సైన్యంలో చీలిక వచ్చింది, రెండు రోజులకే చావెజ్ తిరిగొచ్చాడు. ఆ తర్వాత ప్రతిపక్షం చమురు కంపెనీని రెండు నెలలు స్తంభింపజేసింది. చావెజ్ 18 వేల మందికి పైగా చమురు ఉద్యోగులను ఇంటికి పంపాడు.

చివరికి ప్రతిపక్షం 72వ అధికరణం దగ్గరికి వచ్చింది. 2003 ఫిబ్రవరిలో సేకరించిన సంతకాలు, పదవీకాలం సగం కాకముందే పెట్టారు గనక చెల్లవన్నారు. నవంబరు చివర్లో మళ్లీ సేకరించారు. కావలసినవి సుమారు 24 లక్షలు, ఇచ్చినవి 30 లక్షలకు పైనే. ఎన్నికల సంఘం అందులో ఎనిమిది లక్షలకు పైగా పక్కన పెట్టింది. పేరు, గుర్తింపు కార్డు నంబరు వరసగా ఒకే చేతిరాతలో ఉన్నాయట. ఇది చదివి నవ్వొచ్చింది. మా ఊరి బ్యాంకులో డబ్బు తీసుకునే కాగితాలన్నీ కిటికీ పక్కన కూర్చునే ఒకాయనే రాసిపెడతాడు. కింద సంతకం మాత్రం ఎవరిది వాళ్లే పెడతారు. వీధుల్లో గొడవలయ్యాక, సంతకం నాదేనని చెప్పుకోవడానికి 2004 మే చివర్లో మూడు రోజులు గడువిచ్చారు. జనం మళ్లీ వచ్చి చెప్పారు, లెక్క తేలింది.

చావెజ్ దీన్ని యుద్ధంగా మార్చాడు. ప్రచారానికి పెట్టిన పేరు సాంతా ఇనేస్ పోరాటం. 1859లో జమోరా అనే సేనాని వెనక్కి తగ్గుతున్నట్టు నటించి శత్రువును లోపలికి లాగి కొట్టిన చోటు అది. ప్రచార దళానికి తన ముత్తాత మారుపేరు మైసాంతా అని పెట్టాడు. ఆగస్టు 15న జనం గంటల తరబడి బారులు తీరారు. పోలింగ్ అర్ధరాత్రి దాకా పొడిగించారు. దించమన్నవి సుమారు 40 లక్షలు, వద్దన్నవి 58 లక్షలు. కార్టర్ సెంటర్, అమెరికా దేశాల సంస్థ పరిశీలకులు ఫలితం సరైనదేనన్నారు.

బావ ఇక్కడ ఆగుతాడు. నేను ఆగలేను. అదే ఏడాది మొదట్లో, ఆ సంతకాల ఫారాల నకళ్లు కావాలని చావెజ్ ఎన్నికల సంఘాన్ని అడిగాడు. వాటిని తెచ్చే పని లూయిస్ తాస్కోన్ అనే తన పార్టీ ఎంపీకి అప్పజెప్పాడు. తాస్కోన్ సంతకం పెట్టినవాళ్ల పేర్లూ కార్డు నంబర్లూ తన వెబ్‌సైట్‌లో పెట్టేశాడు. నంబరు కొడితే చాలు, ఎవరు పెట్టారో తెలిసిపోయేది. తర్వాత మైసాంతా పేరుతోనే ఓటర్లందరి సమాచారంతో ఒక సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఉద్యోగమిచ్చే ముందు, కాంట్రాక్టు పొడిగించే ముందు, పాస్‌పోర్టు కోసం వచ్చినవాళ్ల ముందు కంప్యూటర్ తెరిచి చూసేవాళ్లు. సంతకం పెట్టినవాళ్ల సంపాదన సుమారు 5 శాతం పడిపోయిందని ఆర్థికవేత్తలు తర్వాత లెక్కగట్టారు.

జైల్లో వేయలేదు, కొట్టలేదు కదా అంటాడు బావ. నిజమే. పోలింగ్ బూత్‌లో కూర్చున్నవాడికి మాత్రం అది చిన్న సంగతిగా కనబడదు. ఓటు రహస్యం, సంతకం బహిరంగం. రాజ్యాంగం ఆ బహిరంగ సంతకాన్నే హక్కుగా ఇచ్చింది. పాలకులు దాన్నే పట్టుకుని మనుషులను ఏరారు. 2005 ఏప్రిల్‌లో చావెజే ఆ జాబితాను పాతిపెట్టమన్నాడు. అది దాని పని అది చేసిందని కూడా అన్నాడు. ఆ రెండో మాటే నాకు మింగుడు పడదు.

2007 డిసెంబరులో అధ్యక్షుడు ఇన్నిసార్లే పోటీ చేయాలన్న పరిమితి ఎత్తేసే సవరణలపై ఓటింగులో కొద్ది తేడాతో ఓడిపోయాడు, ఒప్పుకున్నాడు. నియంతలు అలా ఒప్పుకోరు. మూడు రోజులకే ప్రతిపక్షం గెలుపును టీవీలో బూతుమాటతో తీసిపారేశాడు, 2009 ఫిబ్రవరిలో మళ్లీ ఓటు పెట్టించి ఆ పరిమితి ఎత్తేయించాడు. అంతటి మనిషికి ఒక్క పేరు పెట్టమంటే నా వల్ల కాదు. కానీ చమురు డబ్బుతో వాడల్లో ఆసుపత్రి తెరిచినప్పుడు నిజంగా చేతులెత్తి మొక్కినవాళ్లున్నారన్నదీ, మొక్కనివాళ్ల పేర్లు కంప్యూటర్లో ఉండేవన్నదీ కలిపే చెప్పాలంటాను.

2016లో మదురోను దించడానికి ప్రతిపక్షం మళ్లీ 72వ అధికరణాన్ని తెరిచింది. ఈసారి ఓటింగు దాకా రానివ్వలేదు. 20 శాతం సంతకాల సేకరణకు ఇంకా ఆరు రోజులుందనగా, అక్టోబరు 20న, కింది కోర్టుల ఆదేశాలు చూపించి ఎన్నికల సంఘం దాన్ని ఆపేసింది.

2018 ఫిబ్రవరిలో అమెరికా దేశాల మానవ హక్కుల న్యాయస్థానం ఒక తీర్పిచ్చింది. సంతకం పెట్టినందుకు 2004లో కాంట్రాక్టు రద్దయిన ముగ్గురు ప్రభుత్వ ఉద్యోగినుల రాజకీయ హక్కులను వెనెజువెలా ఉల్లంఘించిందని అందులో తేల్చారు. ఆ తీర్పు సంగతి చెబితే బావ అడిగాడు: "సరేనప్పా, అయితే ఆగస్టు 15 లెక్క తప్పంటావా?" తప్పనలేదు, ఇప్పుడూ అనను. ఆ 58 లక్షల ఓట్లు జనం వేసినవే.