పదివేల చుట్లు అక్కర్లేదు

కోఠీ గుజరాతీ గల్లీలో మధ్యాహ్నం పూట నడవాలంటే భుజం పక్కకు తిప్పుకునే నడవాలి. మీ ముందు ఒకడు స్పీకరు డబ్బా నెత్తిన పెట్టుకుని పోతున్నాడు. వాడి వెనక, ప్రాజెక్టు సామాన్ల చీటీ పట్టుకుని ఇంజినీరింగ్ పిల్లలు. మీ జేబులోనూ చీటీ ఉంది. అందులో మోటారు పేరు లేదు, పడవ లెక్క ఉంది. హార్బర్ టగ్గు, 24వ వంతు నమూనా. పొడవు 125 సెంటీమీటర్లు, నీళ్ళలోకి దిగాక బరువు దాదాపు 35 కిలోలు, 80 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్లు రెండు.

"ఏం గావాలె అన్నా?"

"775 మోటార్లు, 12 వోల్టులవి."

షాపతను ఠక్కున ఒకటి కౌంటరు మీద పెట్టాడు. గుప్పిట్లో పట్టేంత ఇనుప డబ్బా, 42 మిల్లీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల షాఫ్టు. "గిది తీస్కో. పదివేల ఆర్పీఎం. మస్తు స్పీడుంటది." వైర్లు తగిలించగానే అది కీచుమంటూ దొర్లబోయింది. అతనే అరచేత్తో ఆపాడు. పక్కనున్న కుర్రాళ్ళు మెచ్చుకోలుగా చూస్తున్నారు.

ఇక్కడే చాలామంది డబ్బులిచ్చేస్తారు. మీరు ఆగండి. అసలు టగ్గు వేగం 12 నాట్లు అనుకుందాం, గంటకు 22 కిలోమీటర్లు. నమూనా 24వ వంతు కదా అని వేగాన్ని 24తో భాగించకూడదు, 24 వర్గమూలంతో భాగించాలి. అప్పుడే ముక్కు దగ్గర లేచే అల అసలు టగ్గు అలలా కనిపిస్తుంది. లెక్క కడితే గంటకు నాలుగున్నర కిలోమీటర్లు. గట్టు మీద మీరు మామూలుగా నడుస్తుంటే మీ పక్కనే వచ్చే వేగం. నీళ్ళలో జారుడు పోను, 80 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ దానికి నిమిషానికి ఓ 1,600 చుట్లు తిరిగితే చాలు.

ఈ పదివేల మోటారుకు ఆ ప్రొపెల్లర్‌ను నేరుగా బిగిస్తే పడవేమీ ఎగిరిపోదు. చుట్లు రెట్టింపైతే నీళ్ళు అడిగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. మోటారు అంత ఇవ్వలేదు, ఆగీ ఆగనట్టు తిరుగుతూ కరెంటంతా వేడి కింద మార్చుకుంటుంది. వేగం మోజు పిల్లల పడవలకు పనికొస్తుంది. 35 కిలోల పడవకు కావలసింది నిదానంగా తిరుగుతూనే లాగే మోటారు.

"స్లో వైండింగుది ఉందా?"

"స్లో ఎందుకన్నా?" అంటూనే కింది అర వెతికాడు. వచ్చింది. అదే డబ్బా, అదే షాఫ్టు. లోపల తీగ సన్నం, చుట్లు ఎక్కువ, అంతే తేడా. 3,000 ఆర్పీఎం. ఇది ఇంకా ఎక్కువే గానీ, మోటారుకు 20 పళ్ళ పుల్లీ, ప్రొపెల్లర్ షాఫ్టుకు 30 పళ్ళది వేసి బెల్టు తగిలిస్తే 2,000కు దిగుతుంది. నీళ్ళ బరువు పడ్డాక మీకు కావలసిన 1,600 దగ్గరికి వస్తుంది. ఖాళీ వేగంలో ముప్పావు వంతుకు తగ్గకుండా తిరిగే మోటారు చల్లగా ఉంటుంది. సగానికి పడిపోయిందంటే కాలడం మొదలైనట్టే.

పక్క షాపాయన కారు వైపర్ మోటారు చూపిస్తున్నాడు. గేరుతో సహా వాడితే అది టగ్గుకు మరీ నిదానం. పైగా చాలా వైపర్ మోటార్లలో ఒక కొస బాడీకే కలిసి ఉంటుంది, రివర్సు తిప్పాలంటే తిప్పలు పడాలి. బ్రష్‌లెస్సులూ ఉన్నాయి, వోల్టుకు వెయ్యి చుట్లవి. అవి డ్రోన్లకు బాగుంటాయి. సెన్సరు లేని బ్రష్‌లెస్సు మెల్లగా కదలమంటే తడబడుతుంది. టగ్గు బతుకంతా మెల్లగా కదలడమే.

రెండు కావాలి కాబట్టి నాలుగు తీయించండి. రెండు ప్రొపెల్లర్లూ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి, అంటే ఒక మోటారు ఎప్పుడూ ఉల్టా తిరగాల్సిందే. కొన్ని మోటార్లలో బ్రష్‌లను ఒక దిక్కుకే అనుకూలంగా జరిపి బిగిస్తారు. ఉల్టా తిప్పితే వేగం తగ్గుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది, పడవ ఒక పక్కకు లాగుతుంది. మీటరు పెట్టి, వైర్లు అటూ ఇటూ మార్చి చూడండి. మొదటిది 0.31 ఆంపియర్లు, మార్చితే 0.32. ఉంచుకోండి. రెండోది 0.30, మార్చితే 0.48. పక్కన పెట్టండి. షాపతనికి ఇప్పుడు సరదా పుట్టింది, మిగతావాటికి క్లిప్పులు తనే తగిలిస్తున్నాడు.

ఆదివారం. శంకర్‌పల్లి దగ్గర తోటలో బోరు నీళ్ళు పట్టే సిమెంటు తొట్టి. టగ్గు కడుపులో 12 వోల్టులు, 7 ఏహెచ్ యూపీఎస్ బ్యాటరీ ఉంది. లిథియం తేలిక కదా అంటారు. ఈ పడవ నీటిగీత దాకా మునగాలంటే ఎలాగూ సీసం దిమ్మెలు వేయాలి, ఆ బరువేదో బ్యాటరీదే అయితే మేలు. వెనక కొక్కేనికి తాడు, తాడుకు వేలాడే త్రాసు, త్రాసు గట్టు మీది మేకుకు. థ్రాటిల్ నెమ్మదిగా తోయండి. బెల్టు గురగుర, వెనక నీళ్ళు నురగ లేకుండా బలంగా పొంగాయి. తాడు బిగుసుకుంది. త్రాసులో అంకెలు ఎగిరెగిరి ఒకటిన్నర కిలోల దగ్గర నిలిచాయి. క్లాంప్ మీటరులో ఒక్కో మోటారుకు 2.6 ఆంపియర్లు.

కట్టేసిన పడవ కదిలే పడవ కంటే ఎక్కువ లాగుతుంది, కాబట్టి పనిలో ఉండగా ఇంతకు మించదు. పది నిమిషాలు అలాగే వదిలి మోటారు మీద వేలు పెట్టండి. వెచ్చగా ఉంది, వేలు తీయాలనిపించలేదు. మంచిదే.

ఇక మిగిలింది ఫ్యూజు. చెరువులో గుర్రపుడెక్క చుట్టుకుని ప్రొపెల్లర్ ఆగిపోతే ఈ మోటారు 8 ఆంపియర్ల దాకా లాగుతుంది. 2.6 దగ్గర నిలబడాలి, 8 దగ్గర తెగాలి. కార్లలో వాడే 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు, మోటారుకొకటి చొప్పున పెట్టండి. రెంటికీ కలిపి ఒకటే పెడితే, అది తెగిననాడు గట్టుకు తెచ్చుకోవడానికి రెండో మోటారు కూడా ఉండదు.