భూమి మనదా, మనం భూమివాళ్లమా?

మా భద్రాచలం వైపు కోయ గూడేల్లో మామిడి కొత్త చేయకముందు ఆ ఏటి కాయను ఎవరూ నోట పెట్టరు. చెట్టు సొంత పెరట్లో ఉన్నా, కాయ దానంతటది రాలినా సరే. ముందు వేల్పుకు పెట్టాలి, ఊరంతా కలిసి పండుగ చేసుకోవాలి, తర్వాతే తినాలి. బడిలో ఒక పిల్లవాడు ఓసారి అడిగాడు: "సార్, చెట్టు మాదే కదా, మళ్లీ ఎవర్ని అడగాలి?" ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. చిన్న ప్రశ్నే, కానీ మన నూట యాభై ఏళ్ల చరిత్ర అంతా దాని చుట్టూనే తిరిగింది.

మన పెద్దలు భూమి సిద్ధాంతాన్ని పుస్తకంలో రాయలేదు, పండుగల్లో పెట్టారు. విత్తనం చల్లే ముందు భూమి పండుగ చేస్తాం. ఆదిలాబాద్ గోండులు విత్తే ముందు ఊరి కాపలా వేల్పు అకిపేన్‌కు మొక్కుతారు. చిక్కుడు వచ్చినా, కొత్త ధాన్యం వచ్చినా ముందు కొత్తలు చేయాల్సిందే. వీటిలో భక్తి ఒక్కటే లేదు. కాయ ముదిరేదాకా ఆగడం ఉంది, విత్తనం మిగుల్చుకోవడం ఉంది, ఉన్నవాడూ లేనివాడూ ఒకే రోజు తినడం ఉంది. చెట్టు ఆ ఇంటిదే. దాన్ని ఎప్పుడు ముట్టుకోవాలో మాత్రం ఊరు చెబుతుంది. పోడు కూడా అలాంటిదే. కొండవాలులో పొదలు కొట్టి, ఎండాకాలంలో కాల్చి, తొలకరికి సామ, జొన్న, కంది కలిపి చల్లేవారు. రెండు మూడేళ్లు పండించి ఆ చెలక వదిలేసేవారు. అడవి మళ్లీ పెరిగాక తిరిగి వచ్చేవారు. వదిలేసిన చెలక పాడుబడ్డ భూమి కాదు, విశ్రాంతి తీసుకుంటున్న భూమి.

ఇంగ్లండులో మరో ఆలోచన పుట్టింది. జాన్ లాక్ అనే తత్వవేత్త తన పుస్తకంలో, మనిషి శ్రమ కలిసిన నేల అతని ఆస్తి అవుతుందని, దున్నకుండా వదిలేసిన నేల వృథాగా పడి ఉన్నట్టేనని వాదించాడు. 1690 నాటి మాట ఇది. ఆ లెక్కన చూసినా పోడు భూమి మనదే కావాలి, ఎందుకంటే దానిలో కలిసింది మన చెమటే. కానీ కంపెనీ, దొరల పాలనలో శ్రమ లెక్కకు రాలేదు. గట్టు లేని, శిస్తు కట్టని, కాగితం లేని నేల బంజరు అన్నారు. బంజరు సర్కారుది అన్నారు.

1882 మద్రాసు అటవీ చట్టం ఈ ఆలోచనకే రూపం. ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవి చేయబోతున్నామని ప్రకటిస్తారు. హక్కు ఉన్నవాళ్లు గడువులోగా చెప్పుకోవాలి. చెప్పుకోకపోతే హక్కు పోయినట్టే. చదువు రాని కొండ ఊళ్లలో ఆ ప్రకటన చదివిందెవరు? క్రమంగా నేల రెవెన్యూ శాఖకు, చెట్టు అటవీ శాఖకు, నీరు మరో శాఖకు చేరాయి. మనకు ఒక్కటిగా ఉన్నదాన్ని ముక్కలు చేశారు. అందుకే జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలను మన పోరాటం ఒకే ఊపిరిలో పలుకుతుంది.

1922-24 మన్యం తిరుగుబాటుకు అల్లూరి సీతారామరాజు నాయకుడు. గాం గంటందొర, మల్లుదొర వంటి కొండ మనుషులు ఆయన పక్కన నిలవడానికి పోడుపై ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి ముఖ్య కారణాలు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది కూడా సాగు చేసుకున్న నేలను నిజాం అటవీ ఉద్యోగులు వదిలిపొమ్మన్నందుకే.

ఆ రక్తం వల్లే చట్టాలు కొంత మారాయి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. 1997లో సమత తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల లీజు ఇవ్వరాదని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత సాగు హక్కుతో పాటు, ఊరు తన అడవిని కాపాడుకుని నిర్వహించుకునే సామూహిక హక్కునూ ఒప్పుకుంది. ఆ హక్కు బలమేమిటో 2013లో ఒడిశాలోని నియమగిరి చూపింది. సుప్రీంకోర్టు ఆదేశంతో పన్నెండు గ్రామసభలు జరిగితే పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందులు అక్కడ కొండ ధర గురించి మాట్లాడలేదు. కొండ నియమరాజుది, అమ్మడానికి మేమెవరం అన్నారు.

ఇక్కడే మన యువత ఆలోచించాలి. నేడు చాలా ఊళ్లలో పట్టా అంటే నా ఎకరాల కాగితం ఒక్కటే అనుకుంటున్నాం. ఆ కాగితం కావాల్సిందే, అది లేక మన తాతలు ఎంత నష్టపోయారో చూశాం. అయితే వ్యక్తిగత పట్టా వచ్చాక సామూహిక హక్కు దరఖాస్తును మరచిపోతే, చెలక మిగులుతుంది గానీ వాగు, ఇప్పచెట్టు, పశువుల మేత, వేల్పుల చోటు ఎవరివో తెలియకుండా పోతాయి. కౌలు పేరుతో, బినామీ పేరుతో భూమి చేజారుతున్నప్పుడు అడ్డుపడే ఊరు కూడా ఉండదు. 1/70ని బయటివాళ్లే కాదు, డబ్బుకు ఆశపడి మనవాళ్లూ బలహీనం చేస్తున్నారు.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. పిల్లలను పెద్దవాళ్లతో కలిపి ఊరి పొలిమేర నడిపించండి. ప్రతి వాగుకు, గుట్టకు, పాత చెలకకు మన భాషలో ఉన్న పేరు రాయించి పటం గీయించండి. పాఠానికి పాఠం అవుతుంది, రేపు గ్రామసభ ముందు ఆధారంగానూ నిలుస్తుంది.

ఆ పిల్లవాడు మళ్లీ అడిగితే నా జవాబు ఇదీ: చెట్టు మీదే నాయనా. కానీ నువ్వు ఊరివాడివి, ఊరు ఈ నేలది. అందుకే అడుగుతాం. అడగడం మానేసిన రోజు, మనల్ని కూడా అడగకుండానే ఎవరో వచ్చి తీసుకుపోతారు.