థాయి ప్రజల భోజనములో వేపుడన్నము

భోజనమైనదా యని అడుగుటకు థాయి ప్రజలు “కిన్ ఖావ్ ర్యూ యాంగ్” అందురు. “కిన్” అనగా తినుట. “ఖావ్” అనగా అన్నము. అన్నము తింటిరా యని మనవారు పలుకరించు రీతియే అది. నంజుకొను కూరలకెల్ల వారు పెట్టిన పేరు “కప్ ఖావ్”, అనగా అన్నముతో కూడినవి. అన్నమే ప్రధానము, తక్కినవి దానికి తోడు. 1939 వరకు సయాము అని పిలువబడిన ఆ దేశమువారు “ఖావ్ ఫత్” అను వేపుడన్నమును ఎట్లు తమదిగా చేసికొనిరో చదువరులకు మనవి చేయ సంకల్పించితిమి.

“ఫత్” అనగా నూనెలో గరిటెతో కలియద్రిప్పుచు వేయించుట. ఈ పద్ధతియు, దానికి కావలసిన లోతైన ఇనుప మూకుడును చైనావారితో వచ్చినవి. అచటికి వలసవచ్చిన చైనావారిలో దక్షిణ చైనాకు చెందిన తియోచ్యూవారు అధికులు. 1767 నుండి 1782 వరకు ఏలిన తాక్సిన్ మహారాజు తండ్రియు తియోచ్యూవాడే. 1782లో బాంకాకు రాజధాని కాగా, రాజభవన స్థలమున నుండిన చైనావారు సాంపెంగ్ పేటకు తరలిరి. 1855లో బ్రిటిషువారితో బౌరింగ్ సంధి కుదిరిన పిమ్మట బియ్యపు ఎగుమతి పెరిగెను. మిల్లులలోను రేవులోను పనికి చైనావారు మరింతమంది వచ్చిరి. వారి వెంట వారి వంటయు వచ్చెను.

అయితే థాయివారు ఆ వంటను ఉన్నదున్నట్లు గైకొనలేదు. చేపలను ఉప్పులో ఊరవేసి తీసిన “నామ్ ప్లా” అను రసమును అందు చేర్చిరి. వెల్లుల్లి, గ్రుడ్డు, రొయ్యలో పీతయో కోడిమాంసమో వేసి వేయించి, పైన ఉల్లికాడలు చల్లుదురు. ప్రక్కన దోసకాయ ముక్కలు, నిమ్మబద్ద, నామ్ ప్లాలో తరిగివేసిన పచ్చిమిరప ఉండవలసినదే. ఎవరి పులుపు, కారము వారే కలుపుకొందురు. చైనావారి పుల్లలు దీనికి వాడరు. చెంచాతోను ఫోర్కుతోను తిందురు.

దీనికి అప్పుడు వండిన అన్నముకంటె చల్లారిన అన్నము మేలు. వేడి అన్నము ముద్దకట్టును. చల్లారినది గట్టిపడి మెతుకు మెతుకుగా విడివడును. మిగిలినదానిని పారవేయరాదన్న బుద్ధి వరి పండు దేశములన్నిటను ఒక్కటే. మన ఇండ్లలో అది చద్దన్నమైనది, తాలింపు అన్నమైనది. మా బరంపురములో ఒడియా ఇరుగుపొరుగువారికి పఖాళమైనది. థాయివారికి ఖావ్ ఫత్ అయినది.

ఇంటిల్లిపాది కూర్చుండి తినునపుడు థాయివారు తెల్లని అన్నమును, నడుమ పలువురికి చెందిన కూరలను పెట్టుకొందురు. వేపుడన్నము ఒంటరివాని భోజనము: కచేరీ ఉద్యోగికి మధ్యాహ్నమున, రైలు ప్రయాణికునికి దారిలో, ఆలస్యముగా ఇల్లు చేరువానికి రాత్రివేళ. 30 ఏండ్లు టిఫిను డబ్బా మోసిన మావంటి గుమాస్తాలకు దాని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. చెరసాలలో నున్నవానిని చూడబోవువారు వేపుడన్నమును, “ఓలియాంగ్” అను చల్లని నల్లకాఫీని తీసికొనిపోవుట అచట నానుడియే అయినది. ఆపదలోనున్న తనవానికి అందించు అన్నమనగా అదియే కదా!

అమెరికా సైనికులు 1960లలో ఉదోన్, కోరాట్ మొదలగు చోట్ల విడిసియుండిన కాలముతో ముడిపెట్టి మరియొక రకమును చెప్పుదురు. టొమాటో సాసు, ఎండుద్రాక్ష, సాసేజి, వేయించిన గ్రుడ్డు చేర్చిన దానికి “అమెరికను వేపుడన్నము” అని పేరు. అది పుట్టినది మాత్రము థాయి గడ్డమీదనే!

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది ఇది. 1913లో సయాములో ఇంటిపేర్ల చట్టము వచ్చెను. పిదప చైనా సంతతివారు అనేకులు థాయి ఇంటిపేర్లు తాల్చిరి. 1938లో ప్రధానియైన పిబూన్ సంగ్రామ్ ప్రభుత్వకాలమున చైనా బడులు అనేకము మూతపడినవి. నేడు వారి మునిమనుమలలో పెక్కురకు తియోచ్యూ భాష రాదు. మూకుడు నిలిచెను, మాట జారెను.

తరతరములుగా తెలుగునాటికి వెలుపల నివసించు మనమును దీనిని ఆలోచింపవలెను. పండుగనాడు పులిహోర వండితిమి గనుక తెలుగుదనము నిలిచినదని నిశ్చింతగా నుండరాదు. వంటకమును దాని రుచియే కాపాడుకొనును. ఇరుగుపొరుగువారును దానిని ఆదరింతురు. భాషకు అట్టి అండ లేదు. దానికి బడి కావలెను, పుస్తకము కావలెను, అన్నిటికంటె మిన్నగా బిడ్డలకు అన్నము వడ్డించునపుడు తల్లిదండ్రుల నోట తెలుగు మాట కావలెను.