సూరత్ తెలుగువారి ఇంటి పొదుపు

గుజరాత్‌లోని సూరత్‌కు తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి తదితర నేత కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డాయి. మరమగ్గాలపై కూలి నేసిన మీటర్ల లెక్కన వస్తుంది. గిరాకీ తగ్గితే రాబడి పడిపోతుంది. కాబట్టి పనున్న రోజుల్లో దాచినదే పని లేని రోజులకు ఆసరా. మహిళలు ఇంటి దగ్గరే చీరలకు లేసులు కుట్టి, రాళ్లు అతికించి సంసారానికి చేదోడవుతారు.

తెలుగువారికి అలవాటైన పొదుపు చీటీ. 20 మంది నెలకు రూ.1,000 చొప్పున వేస్తే రూ.20,000 పోగవుతుంది. ఆ సొమ్ముకు జరిగే వేలం పాటలో రూ.3,000 వదులుకున్నవారికి రూ.17,000 దక్కుతుంది. నిర్వాహకుడి కమీషన్ లేకుంటే, వదులుకున్న సొమ్ము తలా రూ.150 చొప్పున అందరికీ పంచుతారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన చీటీలో చేరడమే క్షేమం.