కాకువును, కంఠమును: స్థానం నరసింహారావుగారి గీత మొకటి

మన వాఙ్మయ చరిత్రములందు నాటకకర్తలకుఁ గల చోటు నటులకు లేదు. గ్రంథము చేతి కందును, కంఠ మందదు గనుక నిట్లయ్యెనని సమాధానము చెప్పుకొందుము. ఈ సమాధానము పూర్వకాలమునకుఁ జెల్లును గాని యిరువదవ శతాబ్దమునకుఁ జెల్లదు. ఆ శతాబ్దమునఁ గంఠమును సైతము నిలుపు యంత్రము వచ్చినది. అయినను దాని సాక్ష్యమును మన మింకను బ్రమాణముగాఁ గైకొనకున్నాము. ఇందువలనఁ గలుగు నష్ట మెట్టిదో స్థానం నరసింహారావుగారి గీత మొక్కదానిని బట్టి యిచ్చట విచారించెదను.

నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీని బాపట్లలో జన్మించిరి. ఆ సంవత్సరము నవంబరు మాసముననే ఫ్రెడరిక్ గైస్‌బర్గు కలకత్తాలో నీ దేశపు గాయకుల పాటలను గ్రామఫోను రికార్డుల కెక్కించెను. ఇది కాకతాళీయమే. అయినను నటుని కంఠము నటునితోడనే నశింపవలసిన యవస్థ తొలఁగుచున్న కాలమున నాయన పుట్టిరనుట యథార్థము. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమునకుఁ జంద్రమతి వేషధారి రాకపోఁగా నా వేషమును దాము ధరించి రంగమెక్కిరి. పిమ్మటఁ దెనాలి శ్రీరామవిలాస సభలోఁ జేరి, సత్యభామ, చిత్రాంగి, దేవదేవి, చింతామణి, రోషనార, మధురవాణి మున్నగు స్త్రీపాత్రములచేఁ బ్రఖ్యాతి గాంచిరి. 1956లో భారత ప్రభుత్వమువారు పద్మశ్రీ బిరుదమిచ్చి గౌరవించిరి. తమ యనుభవములను 'నటస్థానము' అను గ్రంథముగా రచించిరి. 1971 ఫిబ్రవరి 21వ తేదీని గీర్తిశేషులైరి.

పురుషుఁడు సత్యభామ యగుట మనకుఁ గ్రొత్త గాదు. కూచిపూడి భామాకలాపమున నది తరతరముల సంప్రదాయము. మహారాష్ట్రమున బాలగంధర్వుఁడని ప్రసిద్ధి కెక్కిన నారాయణ శ్రీపాద రాజహంసగారు (1888–1967) నించుమించుగ నా కాలముననే స్త్రీపాత్రములను గానముతో నడిపిరి. ఆయన పాటకు హిందూస్థానీ రాగవిస్తారము ప్రాణము. నరసింహారావుగారి పాటకు వాక్యార్థము ప్రాణము. ఈ భేదమే ప్రస్తుత విచారణకు ముఖ్యము.

ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణ తులాభారము'న సత్యభామ పాత్రకొఱకు 'మీరజాలగలడా' యను గీతమును నరసింహారావుగారు తామే రచించుకొనిరి. పుణ్యకవ్రత సందర్భమున సత్య తన పతిని నారదునకు దానమిచ్చిన కథ, నంది తిమ్మన పారిజాతాపహరణము చదివినవారికిఁ బరిచితమే. పతి తన మాట దాఁటఁడను సత్యా గర్వమే యీ గీతమునకు మూలము.

పేరైన యా పదమును వైయాకరణ దృష్టితోఁ జూతము. మీఱన్, చాలన్, కలఁడు, ఆ యని విభాగము. రెండు తావుల ద్రుతము మీఁది పరుషమునకు సరళము వచ్చినది: చకారము జకారమును, కకారము గకారము నయ్యెను. 'చాలు' ధాతువే సామర్థ్యమును జెప్పుచుండఁగా 'కలఁడు' మరల నదియే చెప్పుచున్నది. విద్యార్థి వ్రాసినచోఁ బునరుక్తి యని మనము గీఁటు గీయుదుము. గర్వించిన స్త్రీ నోట నా పునరుక్తియే బలము. ఇఁకఁ జివరనున్న ప్రశ్నార్థకపు 'ఆ' యున్నది. ఇది నిజముగాఁ బ్రశ్నయా? మీఱలేఁడను నిశ్చయమా? మీఱునేమో యను లోని శంకయా? చెలుల యెదుట నాడిన పరిహాసమా? వ్యాకరణ మీ నాలుగింటికి నొకే రూపమిచ్చి యూరకుండును. భేదము కంఠమున నున్నది.

ఈ కంఠభేదమునకే మనవారు కాకువని పేరిడిరి. భరతుఁడు నాట్యశాస్త్రమున దానిని సాకాంక్షము, నిరాకాంక్షము నని రెండు విధములుగా విభజించెను. ఆలంకారికులు కాకువువలన వ్యంగ్యార్థము కలుగుననిరి. నరసింహారావుగా రొక్క పల్లవినే మరల మరలఁ బాడుచుఁ బ్రతి పర్యాయము నొక క్రొత్త భావమును జూపుచుండిరనుట నాటకప్రియులలోఁ బ్రసిద్ధము. నేను జదువుకొను దినములలోఁ గాకువు లక్షణమును గంఠస్థము చేసి, యుదాహరణముల నన్నిటిని నొకే స్వరమున నప్పగించితిని. లక్ష్యము తెలిసినది పెక్కేండ్లకు, ఆయన కంఠము నిలిచిన ధ్వనిముద్రణమును వినినపుడు. రంగస్థలపుఁ బాటలు శాస్త్రవిచారణకుఁ దగవని యంతవఱకు నేనును నమ్మియుంటిని.

ఇచ్చట నొక యాక్షేపము. నిమిషమునకు 78 మాఱులు తిరుగు రికార్డున నొక్కొక వైపు పాట సుమారు మూఁడు నిమిషములు. రంగముమీఁద నది ప్రేక్షకులు వన్స్‌మోరనిన కొలఁదిఁ బెరుగును. 1925 ప్రాంతమున మైక్రోఫోనుతో ముద్రించు విధానము వచ్చువఱకు గాయకులు కొమ్ములోనికి గట్టిగాఁ బాడవలసియుండెను. కావున రికార్డు రంగమున కంతటికిఁ బ్రతిబింబము గాదు, ఖండము మాత్రమే యందురు. నిజమే. కాని యాది యంతములు లేని తాళపత్ర ప్రతిని మనము పాఱవేయుచున్నామా? దొరకిన పత్రములను లెక్కించి, లోపములను సూచించి, పాఠాంతరముగాఁ గైకొనుచున్నాము. రికార్డునకును నదియే న్యాయము.

1966లో వెలువడిన 'శ్రీకృష్ణ తులాభారము' చలనచిత్రమున నీ గీతమును బెండ్యాల నాగేశ్వరరావుగారి సంగీతమునఁ బి. సుశీలగారు పాడిరి. అదియు మధురమైన పాఠమే. అయితే నేఁడు పెక్కుర కదియే మూలమని తోఁచుచున్నది. బహుళ ప్రచారము నొందిన ప్రతి, పూర్వప్రతిని గప్పివేయుట గ్రంథపరిష్కర్తలకుఁ దెలియని సంగతి గాదు.

కావున రెండు మనవులు. తాళపత్రములను సేకరించు పరిషత్తులు రంగగాయకుల రికార్డులను గూడ సేకరించి, గాయకుని పేరు, నాటకము, ముద్రించిన సంవత్సరము గుర్తించి పట్టికలు వ్రాయింపవలెను. పాఠశాలలందలి పండితులు కాకువును బోధించునాఁడు లక్షణము చెప్పిన పిదప నిట్టి గీత మొకటి వినిపింపవలెను. జీర్ణమైన తాటాకునకు వ్రాయసకాఁడు ప్రతి వ్రాసిపెట్టఁగలఁడు. లక్కతోఁ జేసిన యీ రికార్డు చేయిజాఱినఁ బగులును. వేఱొక ప్రతి లేనిచో నందలి కంఠమును మరల నెవ్వరును వ్రాసి యీయలేరు.