న్యూయార్క్ రెస్టారెంట్ల తనిఖీ
అమెరికాలోని న్యూయార్క్ నగరంలో రెస్టారెంట్ల శుభ్రతకు నగర ఆరోగ్య శాఖ అక్షరాల్లో గ్రేడు ఇస్తుంది. 2010 జూలైలో ఈ పద్ధతి మొదలైంది. ఇన్‌స్పెక్టర్లు ముందుగా చెప్పకుండా వస్తారు. దొరికిన ప్రతి లోపానికీ పాయింట్లు వేస్తారు; బడి పరీక్షల్లోలా కాక, ఇక్కడ ఎంత తక్కువ వస్తే అంత మంచిది. సాధారణ లోపానికి కనీసం 2, కీలకమైనదానికి 5, ప్రజారోగ్యానికి ముప్పు తెచ్చేదానికి 7. వేడిగా ఉంచాల్సిన వంటకం 140 డిగ్రీల ఫారన్‌హీట్ (60 సెల్సియస్) కంటే చల్లారినా, వంటగదిలో ఎలుకల జాడ కనిపించినా లెక్క పెరుగుతుంది. మొత్తం 13 దాకా ‘ఏ’, 14 నుంచి 27 వరకు ‘బి’, ఆపైన ‘సి’. మొదటి తనిఖీలో ‘ఏ’ రాకపోతే వెంటనే గ్రేడు ఇవ్వరు, మళ్లీ వచ్చి చూస్తారు. ఈ వెసులుబాటు యజమానికి ఊరటే గాని, ఈలోగా అక్కడ తినేవారికి కాదు. గ్రేడు కార్డును బయటివారికి కనబడేలా ప్రవేశద్వారం దగ్గర తగిలించడం తప్పనిసరి.